షిఫ్ట్ నొక్కితే గౌరవం

కీబోర్డు మీద షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ అని కొన్ని కీలుంటాయి. వాటిని ఒంటరిగా నొక్కితే ఏమీ జరగదు. ఇంకో కీ తోడుంటేనే పని. కంట్రోల్ పట్టుకుని ఎస్ కొడితే రాసింది సేవ్ అవుతుంది, కంట్రోల్ పట్టుకుని జెడ్ కొడితే చేసిన తప్పు వెనక్కి పోతుంది. ప్రపంచమంతా ఈ ఏర్పాటుతో సుఖంగానే ఉంది. నేనే ఉండలేకపోయాను. అంత పెద్ద కీలు, చిటికెన వేలి కిందే ఉండి, నొక్కితే ఉలకవు పలకవు అంటే నాకు మనసొప్పలేదు. అందుకని నేను రోజూ రాసుకునే ఎడిటర్‌కి ఒక చిన్న ప్రోగ్రాం తగిలించాను. కంట్రోల్ ఒక్కటే నొక్కి, మధ్యలో ఇంకేదీ కొట్టకుండా వదిలితే ఫైలు సేవ్ అవుతుంది. ఆల్ట్ ఒక్కటే నొక్కి వదిలితే చివరి తప్పు వెనక్కి పోతుంది. ఎడమ షిఫ్ట్ ఒక్కటే అయితే వెతకడం. కుడి షిఫ్ట్ ఒక్కటే అయితే ఉన్న లైను మొత్తం మాయం.

ఒక జాగ్రత్త కూడా పెట్టుకున్నాను. రెప్పపాటులో నొక్కి వదిలితేనే అది లెక్కలోకి వస్తుంది. ఆలోచిస్తూ వేలు దాని మీదే ఉంచేస్తే ఏమీ జరగదు. మనసు మార్చుకునే హక్కు మనిషికుండాలి కదా.

ఆ జాగ్రత్త మా మేనేజరు దగ్గర పనిచెయ్యలేదు. ఒకరోజు ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చి, ఒక చెయ్యి కీబోర్డు పక్కన ఆనించి, మేం ఎందుకు ఆలస్యంగా పనిచేస్తున్నామో వివరించాడు. చెప్పే ప్రతి ముఖ్యమైన మాటకీ బొటనవేలితో టక్కుమని ఒక దెబ్బ వేస్తూ పోయాడు. ఆ దెబ్బ పడే చోట కుడి షిఫ్ట్ ఉంది. ఆయన ఉపన్యాసంలో పదకొండు ముఖ్యమైన మాటలున్నాయని నాకు తర్వాత పోయిన లైన్లను బట్టి తెలిసింది. ఆ సాయంత్రమే నా కీబోర్డు మీద ముట్టుకోవద్దని మూడు భాషల్లో కాగితం అంటించారు. అంటించింది నేను కాదు.

ఇదంతా నా ఒక్కడి గొడవగా ఉండిపోయేదే, మా ఇంటిగలావిడ దాకా పాకకపోతే.

నేను గుంటూరు వాణ్ణి. ఉద్యోగం మీద మలేషియా వచ్చి, క్లాంగ్‌లో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటిగలావిడ ఒక్కతే ఉంటుంది. డెబ్భైకి దగ్గర. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో పుట్టింది. ఆవిడ ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. తోట ఆఫీసులోనూ, తర్వాత బంటింగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులోనూ జీవితమంతా టైపిస్టుగా చేసింది. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లందరినీ పిలిచినట్టే ఆవిడను నేనూ ఆంటీ అనేవాణ్ణి. ఆవిడ నన్ను బావూ అనేది, వాళ్ల యాసలో బాబూ అని. మొదటి నెలలో ఆవిడ తెలుగుకన్నా ఎదురింటివాళ్ల మలయ్ భాషే నాకు బాగా అర్థమైంది.

ఒక ఆదివారం పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే కింది నుంచి పిలిచింది.

"ఏటి బావూ, కంప్యూటర్ పనంటన్నావు, నీకు తెలుగు కొట్టడం వచ్చునా?"

"వచ్చు ఆంటీ."

"అయితే కిందకి రా. నానొక సుసాలో పడిపోనాను."

సుసా అంటే తిప్పలు. అది నాకు మలయ్‌లో మొదట వచ్చిన మాట.

తిప్పలు ఏమిటంటే, పాత కొబ్బరి తోటల నుంచి పట్టణాలకు చేరిన తెలుగు కుటుంబాలకు ఒక చిన్న సంఘం ఉంది. ఏడాదికోసారి బాగన్ దాతుక్‌లో ఒక హాలు తీసుకుని అందరూ కలిసి భోంచేస్తారు. ఈసారి ఒక సంచిక వెయ్యాలని, అదీ తెలుగులోనే వెయ్యాలని అధ్యక్షుడు పట్టుబట్టాడు. పిల్లలు చదవకపోయినా అక్షరాలైనా చూస్తారని ఆయన వాదన. తెలుగులో టైపు చెయ్యగలిగింది సంఘం మొత్తంలో మా ఇంటిగలావిడ ఒక్కతే. ముందు పేజీల్లో కమిటీవాళ్ల పేర్లు, కృతజ్ఞతలు. మిగతా నలభై పేజీలూ ఆవిడ తన చేత్తో రెండు నోటు పుస్తకాల్లో రాసుకున్న తోట జ్ఞాపకాలు.

ఆవిడ టైపు చేస్తుంటే చూడాలి. వీపు నిటారుగా, మోచేతులు ఒంటికి ఆనించి, కళ్లు పక్కనున్న నోటు పుస్తకం మీదే. తెర వంక చూడదు, కీల వంకా చూడదు. టైపిస్టన్నది కాగితం చూడాలి గానీ తను కొట్టింది చూడకూడదని ఆవిడకు చిన్నప్పుడు నేర్పారట. మాస్టారు కీల మీద గుడ్డ కప్పేవాడట. తెలుగు కీబోర్డు కూడా అలాగే గుడ్డ కప్పుకుని తనంతట తనే నేర్చుకుంది. వేగం చూసి నాకు సిగ్గేసింది.

"మరి ఇబ్బందేమిటాంటీ?"

ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుని ఇంకో చేత్తో అక్షరం కొట్టడం టైప్‌రైటర్ నాటి అలవాటు కాబట్టి పరవాలేదట. ఒకే చేత్తో కంట్రోల్ పట్టుకుని, అదే చేతి ఇంకో వేలితో ఎస్సో జెడ్డో కొట్టాలంటే మాత్రం ప్రాణం పోతోందట.

"ఒక్క వేలితో అయితే ఏటైనా సేస్తాను లా. రెండు వేళ్లు మెలిక తిప్పమంటే నా వల్ల కాదు." మాట చివర లా అనడం ఇక్కడివాళ్ల అలవాటు.

నాకప్పుడు కలిగిన ఆనందం దాచుకోలేకపోయాను. ఇన్నేళ్లుగా అందరూ నవ్విన నా ఏర్పాటు ఒకరికి నిజంగా అవసరమైంది. మేడెక్కి ప్రోగ్రాం తెచ్చి ఆవిడ కంప్యూటర్లో పెట్టాను. కంట్రోల్ ఒక్కటే నొక్కితే సేవ్. ఆల్ట్ ఒక్కటే నొక్కితే తప్పు వెనక్కి. మేనేజరు అనుభవంతో కుడి షిఫ్ట్ జోలికి పోలేదు. రెండుసార్లు నొక్కి చూసి ఆవిడ పకపకా నవ్వింది.

"ఎడమ షిఫ్ట్ ఇంకా ఖాళీగా ఉందాంటీ. మీరు ఎక్కువసార్లు కొట్టాల్సిన మాటేదైనా ఉందా? ఒక్కసారి నొక్కితే మాట మొత్తం పడేలా పెడతాను."

"గౌరవనీయులైన," అంది వెంటనే.

"ఎవరు?"

"ఎవరైనా గానీ. పెతి పేరుకీ ముందర గౌరవనీయులైన అని ఉండాల. నేపోతే కోపాలొచ్చేస్తాయి మావోళ్లకి. అంత పొడుగు మాట ఎన్నిసార్లు కొట్టమంటావు?"

పెట్టాను. ఆవిడ ఒక పేరు కొడుతూ సగంలో ఆగి తల కొట్టుకుంది. "పేరు సగం కొట్టినాక గుర్తొస్తాది బావూ, అయ్యో గౌరవం పెట్టనేదని. మళ్లీ ఎనక్కెళ్లాల."

దానికీ ఉపాయం చేశాను. మాట మధ్యలో ఎక్కడున్నా సరే, షిఫ్ట్ నొక్కి వదిలితే గౌరవనీయులైన అన్నది తనంతట తనే ఆ మాట ముందుకెళ్లి కూర్చుంటుంది. ఆవిడ టైపు చేస్తున్న చోటు చెక్కుచెదరదు. ఇది రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది. ఆవిడ చిటికెన వేలు నెమ్మదిగా లేస్తోంది. రెప్పపాటు గడువు దానికి చాలడం లేదు. నొక్కుతోంది గానీ మాట పడటం లేదు. ఆ గడువు తీసేశాను. ఎంతసేపు పట్టుకుని వదిలినా పనిచేస్తుంది.

మనసు మార్చుకునే హక్కు గురించి ఆ క్షణాన నాకు గుర్తురాలేదు.

మూడు వారాలు నేను ఆఫీసు నుంచి రైలు దిగి వచ్చేసరికి కింద టకటకా వినపడుతూనే ఉండేది. మధ్యమధ్య ఆగి నన్ను పిలిచి, నువ్వు పెట్టిన కీలు బంగారం బావూ అనేది. ఒకరోజు వేపుడు చేప, ఒకరోజు కొబ్బరిపాలు పోసిన గుమ్మడికాయ కూర మేడ మీదికి వచ్చాయి. నేను తింటూ, ప్రపంచం నన్ను అర్థం చేసుకోవడం మొదలుపెట్టిందనుకున్నాను.

పని పూర్తయింది. ఫైలు క్లాంగ్‌లోనే ఒక ప్రెస్సుకి వెళ్లింది. అక్కడి అతను తమిళుడు, తెలుగు చదవలేడు. సరిచూసుకోవడానికని ఒక కాపీ తీసి కుట్టి ఆవిడ చేతిలో పెట్టి, వినయంగా ఒక మాట అడిగాడట. "అమ్మా, ఈ పొడుగాటి మాట ప్రతి లైన్లోనూ ఉంది. మీ దేవుడి పేరా?"

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఆవిడ వచ్చి అది నాకు చెప్పింది. చెప్పి, దూరం చూపు కళ్లజోడు తీసి దగ్గర చూపు కళ్లజోడు పెట్టుకుని జ్ఞాపకాల మొదటి పేజీ తెరిచింది. నేను ఆవిడ భుజం మీదుగా చదివాను.

"మా బతుకంతా గౌరవనీయులైన కొబ్బరి మీదే. గౌరవనీయులైన గౌరవనీయులైన వర్షం పడితే పని లేదు. పొద్దున్నే గౌరవనీయులైన ఎద్దును బండికి కట్టి, గౌరవనీయులైన తోటలోకి పోయి కాయలు ఏరేవాళ్లం. గౌరవనీయులైన దోమలు విపరీతంగా కుట్టేవి. మిట్టమధ్యాహ్నం గౌరవనీయులైన గౌరవనీయులైన భోజనం. పాతిక ఇళ్లకు ఒకటే గౌరవనీయులైన గౌరవనీయులైన గౌరవనీయులైన మరుగుదొడ్డి. అప్పుడప్పుడు దొర వచ్చి చూసి పోయేవాడు."

ఆవిడ పేజీ తిప్పింది. రెండో పేజీలో గౌరవనీయులైన గజ్జి ఉంది. మూడో పేజీలో గౌరవనీయులైన ఎండుచేపను గౌరవనీయులైన పిల్లి ఎత్తుకుపోయింది.

"అలామక్," అంది ఆవిడ మెల్లగా. అది ఇక్కడివాళ్లకు అయ్యబాబోయ్ లాంటిది. "ఏటిది బావూ? నానిలగ రాయనేదు."

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక లైను మళ్లీ కొట్టమని ఈసారి తెర కాకుండా ఆవిడ వేళ్లు చూశాను. అప్పుడు తెలిసింది. తెలుగు కీబోర్డులో ద ఉన్న కీ మీదే ధ ఉంటుంది. ఊరికే కొడితే ద, షిఫ్ట్ పట్టుకుని కొడితే ధ. బ భ, డ ఢ, స శ జంటలూ అంతే. ఆవిడ మాటలో ఒత్తులు పలకవు. భోజనం బోజనమే, బాధ బాదే. ఒత్తుందో లేదో చెవి చెప్పకపోతే వేలికెలా తెలుస్తుంది? ఎక్కడ అనుమానం వస్తే అక్కడ చిటికెన వేలు షిఫ్ట్ మీదికి వెళ్లి నొక్కిపెడుతోంది. ఆవిడ ఒక క్షణం ఆలోచిస్తోంది. అబ్బే, ఒత్తు లేదేమో అని వేలు తీసేస్తోంది. వేలు తియ్యగానే, నేను పెట్టిన ఏర్పాటు ప్రకారం, ఆ మాటకు ఒక గౌరవం ముందుకెళ్లి కూర్చుంటోంది. ఆవిడ మళ్లీ అనుమానపడితే రెండో గౌరవం.

అంటే ఆ పుస్తకంలో ఆవిడకు ఏయే మాటల మీద ఎంతెంత అనుమానం ఉందో అంతా అచ్చయిపోయింది. మరుగుదొడ్డి దగ్గర మూడుసార్లు ఆలోచించింది పాపం.

"తప్పు మీది కాదాంటీ. గడువు తీసేసింది నేను. ఒక్క నిమిషంలో అన్నీ తీసేస్తాను, కంగారుపడకండి."

తీసేసేవాణ్ణే. కానీ అప్పుడే బయట మోటారుసైకిలు ఆగింది.

వచ్చింది సంఘం ఉపాధ్యక్షుడు. బంటింగ్ నుంచి క్లాంగ్‌కి ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చాడు. ప్రెస్సువాడు ఇంకో కాపీ అధ్యక్షుడికి ఇచ్చాడట. అధ్యక్షుడు తన పేరున్న పేజీ ఫొటో తీసి సంఘం ఫోన్ గ్రూపులో పెట్టాడట.

"సెల్లెమ్మా," అన్నాడు హెల్మెట్ లోంచి, "నానొకటే అడుగుతాను. ఆయనకి నాలుగు గౌరవాలు. నాకొకటి. ఇదేటి నాయం?"

ఆవిడా నేనూ కంగారుగా కమిటీ పేజీ తీశాం. నిజమే. అధ్యక్షుడి పేరులో రెండు ఒత్తు అక్షరాలు, ఒక శ ఉన్నాయి. ఆవిడ కావాలని పెట్టిన ఒక గౌరవానికి అనుమానాలు మూడు తోడై నాలుగయ్యాయి. ఉపాధ్యక్షుడి పేరు మూడక్షరాలు. పసిపిల్లకైనా తప్పు రాసే వీల్లేదు. ఒక్కటే పడింది.

నేను ఆయనకు విషయం వివరించాను. షిఫ్ట్ అంటే ఏమిటో, ఒత్తు అంటే ఏమిటో, గడువు అంటే ఏమిటో ఓపికగా చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి అంతా విన్నాడు.

"అంటే నా పేరులో తప్పు రాయడానికేటీ నేదు కాబట్టి నాకు గౌరవం తక్కువ. అంతే కదా?"

"అలా కాదండీ..."

"ముప్పై ఏళ్లు బస్సు తోలినాను. ఒక్కపాలి బ్రేకు గట్టిగా కొట్టినానా? ఎవుల్నైనా అడుగు."

ఆంటీ కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది. ఆయన కుర్చీ కంప్యూటర్ ముందుకు లాక్కున్నాడు. "ఏదీ ఆ కీ?" అన్నాడు. చూపించాను. తన పేరు దగ్గర కర్సర్ పెట్టమని నాకు చెప్పి, బస్సులో గేరు మార్చినంత గంభీరంగా నొక్కాడు. రెండు. ఇంకోసారి. మూడు. నాలుగు. అక్కడ ఆగి ఆలోచించి ఐదోది కూడా నొక్కాడు. "సీనియారిటీ," అన్నాడు నాతో.

దాన్ని కూడా ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. అక్కడే తప్పు చేశాడు.

అధ్యక్షుడు ఆ మధ్యాహ్నమే కారులో వచ్చాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేసిన మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఉపాధ్యక్షుడు ఇంకా కాఫీ దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు అన్నయ్యా తమ్ముడూ అని చాలా మర్యాదగా పలకరించుకున్నారు. తర్వాత అధ్యక్షుడు కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరు దగ్గర రెండు నొక్కాడు. ఆరయ్యాయి. ఆయన లేవగానే ఉపాధ్యక్షుడు కూర్చుని రెండు నొక్కాడు. ఏడు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఒకరికి చెప్పబోతే ఇంకొకరి పక్షం చేరినట్టవుతుందని భయం. కాసేపటికి అధ్యక్షుడి పేరు కనపడటం మానేసింది. గౌరవాలన్నీ ఒక పేజీలో ఉండి, మనిషి తర్వాతి పేజీలోకి పోయాడు.

"నా పేరేదీ?" అన్నాడాయన బెంగగా.

"మీ ముందర శానా మంది గౌరవనీయులున్నారు అన్నయ్యా," అన్నాడు ఉపాధ్యక్షుడు. "వరసలో ఉండండి."

అప్పుడు ఆంటీ వంటింట్లోంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దర్నీ పక్కకు జరగమని సైగ చేసి కూర్చుని, ఆల్ట్ మీద వేలు పెట్టింది. నొక్కినకొద్దీ ఒక్కొక్క గౌరవమే వెనక్కి పోవడం మొదలైంది. టక్, టక్, టక్. ఇద్దరు పెద్దమనుషులూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. ఏడు, ఆరు, ఐదు.

"సాలు, సాలు," అన్నాడు అధ్యక్షుడు తనవి నాలుగు ఉండగా.

ఆవిడ ఆగలేదు. మిగిలినవి పాతవి, వాటికి ఆల్ట్ పనిచెయ్యకపోతే ఒక్కొక్కటే చెరిపేసింది. ఇద్దరికీ చెరొకటి మిగిలాయి.

"ఒకటంటే మరీ బోడిగా ఉంది," అన్నాడాయన. "నాలుగున్నోడికి ఒకటైపోతే జనం ఏటనుకుంటారు? ఏదో తప్పు సేసినాననుకోరా?"

"ఆయనకి రెండైతే నాకు రెండు," అన్నాడు ఉపాధ్యక్షుడు. "ఆయనకి సున్నా అయితే నాకూ సున్నా. నాకు పేచీ నేదు."

అధ్యక్షుడు కాసేపు ఆలోచించాడు. ఆయన ముఖం చూస్తే పెద్ద లెక్క చేస్తున్నట్టుంది. "సున్నాయే మంచిది," అన్నాడు చివరికి. "సున్నా అయితే మనం కావాలని ఒద్దన్నట్టుంటాది. గొప్పగా ఉంటాది."

ఉపాధ్యక్షుడికి ఆ మాట నచ్చింది. పెద్దవాళ్లిద్దరికీ లేనప్పుడు కార్యదర్శికీ, కోశాధికారికీ, మిగతా కమిటీకీ ఉంటే బాగుండదు కాబట్టి అందరివీ తీసేశాం. ఆ కబురు ఇద్దరూ కలిసే గ్రూపులో పెట్టి, ఒకే కారులో భోజనానికి వెళ్లారు. మోటారుసైకిలు మా ఇంటి ముందే రెండురోజులుంది.

వాళ్లు వెళ్లాక నేను మిగిలిన నలభై పేజీల గౌరవాలు ఒక్క దెబ్బతో తీసేద్దామని కూర్చున్నాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు బావూ. ఒక్కొక్కటీ సూద్దాం."

"అన్నీ తప్పులే కదాంటీ."

"తప్పులే. కానీ సదవతంటే కొన్ని నిజమే అనిపిస్తన్నాయి లా."

అలా ఆ ఆదివారం మిగిలిన పూటంతా మేమిద్దరం కూర్చున్నాం. నేను చదివేవాణ్ణి, ఆవిడ తీర్పు చెప్పేది.

"గౌరవనీయులైన దోమలు."

"తీసెయ్. నా తమ్ముడికి జ్వరం తెచ్చినాయి."

"గౌరవనీయులైన ఎద్దు."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఉంచు. మా అందరికన్నా ఎక్కువ పని సేసినాది. ఒక్కనాడు మొరాయించనేదు."

"గౌరవనీయులైన గౌరవనీయులైన భోజనం."

"ఒకటుంచు. రెండెక్కువ. రోజూ ఎండుచేపే కదా."

"గౌరవనీయులైన పిల్లి."

"ఆ సేపని ఎత్తుకుపోయిందా? తీసెయ్, తీసెయ్."

"గౌరవనీయులైన గజ్జి."

ఆవిడ నా వంక చూసిన చూపుకి అడగకుండానే తీసేశాను.

మరుగుదొడ్డి దగ్గర చాలాసేపు ఆగాం. పాతిక కుటుంబాలు దాని ముందు వరసలో నిలబడేవట. ఊళ్లో సంగతులన్నీ, పెళ్లి సంబంధాలతో సహా, అక్కడే తేలేవట. ఆవిడ పెళ్లి కూడా అక్కడే కుదిరిందట. ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి, మా మరిది ఉన్నాడు చేసుకుంటావా అని అడిగిందట.

"మరేమన్నారు?"

"ముందు నన్ను లోపలికి పోనీ, తరవాత సెప్తానన్నాను." నవ్వింది. "మంచోడే దొరికినాడు. దానికి ఒకటుంచు బావూ."

ఉంచాను. తర్వాత తోట బడిలో తెలుగు చెప్పిన పంతులమ్మ వచ్చింది. ఆవిడకు ఒక్క గౌరవమూ లేదు. పంతులమ్మ అనే మాటలో ఆంటీకి అనుమానమే రాలేదు మరి. "అయ్యో," అని తనే షిఫ్ట్ నొక్కింది. ఈసారి తెర వంక చూసి మరీ నొక్కింది.

దొర దగ్గరికొచ్చేసరికి అడిగింది. "ఈడికేల పడనేదు?"

"మీకు ఆ మాట మీద అనుమానం రాలేదాంటీ."

"అనుమానమేటి? తోట ఆఫీసులో రోజూ సూసినాను ఆడ్ని," అని పేజీ తిప్పేసింది.

మొత్తం మీద ముప్పై దాకా మిగిలాయి. అవి అలాగే అచ్చయ్యాయి. గడువు మళ్లీ పెట్టేశానని నేను చెబితే, ఇంకేల, నానిప్పుడు తెర సూసి కొడతన్నాను కదా అంది. గుడ్డ మాత్రం కీల మీద అలాగే ఉంది.

సంఘం భోజనాల రోజున ఆవిణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుని అద్దె కారులో బాగన్ దాతుక్ వెళ్లాను. దారికి రెండు వైపులా కొబ్బరి, కొబ్బరి వెనక పామాయిల్ చెట్లు, వాటి మధ్య మురుగు కాలవలు. హాల్లో రెండొందలమంది దాకా ఉన్నారు. ముసలివాళ్లు నాకు అర్థంకాని తెలుగులో, పడుచువాళ్లు తమిళంలో, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి సంచికలిస్తూ, మా పేర్ల ముందు ఏమీ లేదు చూడండి, మేమే వద్దన్నాం అని ప్రతి ఒక్కరికీ పేజీ తీసి చూపించారు.

ఆంటీని నాలుగు ముక్కలు చదవమన్నారు. నలుగురిలో చదవాలంటే ఉండే బెరుకేదీ ఆవిడకు లేదు. మైకు దగ్గరికెళ్లి, టైపు చేసినంత నిటారుగా నిలబడి చదివింది. గౌరవనీయులైన మరుగుదొడ్డి అనగానే ముందు వరసలో ముసలమ్మలు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. వాళ్ల మనవరాళ్లు ఏమిటేమిటని అడుగుతుంటే ఒకావిడ తమిళంలో చెప్పింది. ఆ వరస మొత్తం ఊగిపోయింది. ఎవరూ ఇది తప్పేమో అనలేదు. పైగా ఒకాయన లేచి, వరసలో నానూ నిలబడినాను, ఒకటేటి, రెండు పెట్టాల్సింది అన్నాడు.

తర్వాత ఎద్దు వచ్చింది. "గౌరవనీయులైన ఎద్దును బండికి కట్టి" అని ఆవిడ చదవగానే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఏ ఎద్దు? ఒక కొమ్ము వంకర, అదేనా?"

"అదే," అంది ఆంటీ మైకులో.

"ఎడమ కొమ్ము."

"కుడి కొమ్ము అది," అంది కిటికీ పక్క నుంచి ఇంకో గొంతు. "నానే దానికి గడ్డేసినాను."

"నువ్వెదురుగా నిలబడి ఏసినావు. నీకు కుడైతే దానికి ఎడమ కదా!"

అంతే, చదవడం ఆగిపోయింది. హాలు రెండు ముక్కలైంది. ఎడమవాళ్లు కొందరు, కుడివాళ్లు కొందరు. ఎవరెవరు బండికి ఏ వైపు కూర్చునేవారో చేతులతో చూపించుకుంటున్నారు. ఒకాయన తనే ఎద్దులా వంగి నిలబడి, ఇంకొకాయన చేత రెండు వేళ్లు తలకు పెట్టించుకున్నాడు. ఆంటీ మైకు కట్టేసి కిందికి దిగి, అందరికన్నా గట్టిగా ఎడమ అని వాదించడం మొదలుపెట్టింది. వడ్డించేవాళ్లు గరిటెలతో సహా వచ్చి చేరారు.

ఎంతకీ తేలకపోయేసరికి, ఇండియా నుంచి వచ్చినవాడు, ఏ పక్షమూ లేనివాడు అని నన్ను తీర్పు చెప్పమన్నారు. ఆ ఎద్దు పోయేనాటికి నేను పుట్టనైనా లేదని చెప్పి చూశాను. అయితే ఇంకా మంచిదన్నారు.

ఆంటీ ముఖం చూసి, ఎడమ అన్నాను. ఆ పూట పాయసం వడ్డించే మనిషి కుడివాడట. నా ఆకు దగ్గర ఆగకుండా వెళ్లిపోయాడు.